‘పాత సాఫ్ట్‌వేర్‌లో తెలుగు రాదండీ’ అంటే ముందు ఆర్‌సీ ఫైలు అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఉత్తరాల పేజీలో ఈమధ్య ఒక పాఠకుడి గోడు చదివాను. ఏదో ఆఫీసు కౌంటర్‌లో కంప్యూటర్ స్క్రీన్ మీద అంతా ఇంగ్లిషే ఉందట, తెలుగులో ఎందుకు పెట్టరని అడిగితే “ఇది పాత సాఫ్ట్‌వేరండీ, ఇందులో తెలుగు రాదు, కావాలంటే మొత్తం మళ్లీ కొత్తగా రాయించాలి” అన్నారట. ఆ ఆఫీసు సంగతి అలా ఉంచండి, ఈ జవాబు నేను చాలా చోట్ల విన్నాను. విండోస్ 3.1 రోజుల్లో అమీర్‌పేటలో ప్రోగ్రామింగ్ నేర్చుకుని, ఇప్పటికీ పాత విండోస్ ప్రోగ్రాములకు మరమ్మతులు చేసి బతుకుతున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను, ఇందులో కొంత నిజముంది, ఎక్కువ భాగం మాత్రం బద్ధకం. ఏది నిజమో ఏది బద్ధకమో మామూలు పాఠకులకు కూడా తెలిస్తే, రేపు ఎవరైనా ఇదే మాట అన్నప్పుడు నోరు మూసుకుని వెనక్కి రానక్కర్లేదని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది, వీలైనంత వేసుకోండి.

అసలు విషయం ఏమిటంటే, విండోస్ ప్రోగ్రాముల్లో స్క్రీన్ మీద కనపడే మాటలు, పని చేసే కోడు ఒకేచోట ఉండాల్సిన పని మొదటి నుంచీ లేదు. 1985లో వచ్చిన మొట్టమొదటి విండోస్‌లోనే వీటిని విడదీశారు. మెనూలు, డైలాగ్ బాక్సులు, ఐకాన్లు, కర్సర్లు, కీబోర్డు షార్ట్‌కట్లు, “ఫైలు దొరకలేదు” లాంటి సందేశాలు, ఇవన్నీ రిసోర్స్ ఫైలు అనే వేరే ఫైల్లో రాసేవాళ్లం. దాని పేరు చివర డాట్ ఆర్‌సీ అని ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మామూలు టెక్స్ట్ ఫైలే. స్ట్రింగ్‌టేబుల్ అని పెద్దక్షరాల్లో ఒక మాట, కింద బిగిన్, దాని కింద వరసగా 101 అని ఒక నంబరు, కామా, కొటేషన్ గుర్తుల మధ్య ఒక వాక్యం, తర్వాత లైనులో 102, ఇంకో వాక్యం, చివర ఎండ్. అంతే. ప్రోగ్రాములో ఎక్కడా ఆ వాక్యం ఉండదు, “101 నంబరు వాక్యం తెచ్చి చూపించు” అని మాత్రమే ఉంటుంది. లోడ్‌స్ట్రింగ్ అనే ఫంక్షన్ పని అదే. 101 ఎదురుగా ఉన్న ఇంగ్లిషు వాక్యం తీసేసి తెలుగు వాక్యం రాస్తే ప్రోగ్రాముకు ఆ తేడా తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

ఆ రోజుల్లో దీన్ని ఎక్జిక్యూటబుల్, అంటే డబుల్ క్లిక్ చేస్తే నడిచే ఎక్జీ ఫైల్లో కలపడానికి ఒక చిన్న తతంగం ఉండేది. ఆర్‌సీ డాట్ ఎక్జీ అనే రిసోర్స్ కంపైలర్‌కి ఈ ఫైలు ఇస్తే రెస్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఇంకో ఫైలు తయారయ్యేది. విండోస్ 3.1 కాలంనాటి 16 బిట్ విండోస్‌లో ఐతే సీ భాషలో రాసిన కోడుని విడిగా కంపైల్ చేసి (మెషీన్ భాషలోకి మార్చి), లింక్ చేసి (ముక్కలన్నీ కలిపి), ఎక్జీ తయారయ్యాక మళ్లీ అదే రిసోర్స్ కంపైలర్‌ని పిలిచి ఈ రెస్ ఫైలుని దాని తోకకి అతికించాలి. ఒక్క బటన్ మీద స్పెల్లింగ్ మార్చాలంటే సీ కోడు జోలికి పోకుండా ఈ రిసోర్స్ కంపైలర్ మెట్లు రెండూ నడిపితే సరిపోయేది. పెద్ద ప్రోగ్రాము మొత్తం కంపైల్ అవడానికి టీ తాగొచ్చేంత టైము పట్టే రోజుల్లో ఇది ఎంత సుఖమో అప్పుడు పనిచేసినవాళ్లకే తెలుసు. 32 బిట్‌కి వచ్చాక లింకరే ఆ రెస్ ఫైలుని తీసుకుని కలిపేస్తోంది.

డైలాగ్ బాక్సు గీయడానికి డైలాగ్ ఎడిటర్ ఉండేది, బోర్లాండ్ వాళ్ల రిసోర్స్ వర్క్‌షాప్ ఇంకా బాగుండేది, తర్వాత విజువల్ సీ ప్లస్ ప్లస్‌లోనే ఎడిటర్ వచ్చేసింది. ఐనా చాలామందిమి ఆర్‌సీ ఫైల్ని చేత్తోనే రాసేవాళ్లం. ఎడిటర్ ఎక్కడో ఒక బటన్‌ని ఒక యూనిట్ పక్కకి జరిపేస్తే చిరాకు మరి.

ఇలా ఎందుకు విడదీశారంటే మొదటి కారణం భాష కాదు, మెమరీ. 640 కేబీ ఉన్న మెషీన్ మీద విండోస్ నడవాలి, దాని మీద మన ప్రోగ్రాము నడవాలి. ఎప్పుడో ఒకసారి తెరిచే డైలాగ్ బాక్సుని పొద్దస్తమానం మెమరీలో పెట్టుకుని కూర్చుంటే కుదరదు. అందుకే ప్రతి రిసోర్స్ పక్కన లోడ్ఆన్‌కాల్, డిస్కార్డబుల్ అని రాసేవాళ్లం. అంటే పిలిచినప్పుడే డిస్కు నుంచి తీసుకురా, చోటు చాలకపోతే పారెయ్, మళ్లీ కావాలంటే మళ్లీ డిస్కు నుంచే తెచ్చుకుందాం అని. వాక్యాల్ని కూడా ఒక్కొక్కటిగా కాకుండా పదహారేసి కట్టలుగా కట్టి దాచేవాళ్లు. ఒక వాక్యం అడిగితే ఆ కట్టంతా మెమరీలోకి వస్తుంది. అందుకని ఒకే సందర్భంలో వాడే సందేశాలకు పక్కపక్క నంబర్లు ఇవ్వాలని మాకు చెప్పేవాళ్లు. 32 బిట్ విండోస్‌లో లోడ్ఆన్‌కాల్ లాంటి మాటలకి విలువ పోయింది, రాసినా కంపైలర్ పట్టించుకోదు. పదహారు కట్ట మాత్రం ఈరోజు విండోస్ 11లో కూడా అలాగే ఉంది.

ఇదేమీ మైక్రోసాఫ్ట్ వాళ్ల సొంత బుర్ర కూడా కాదు. 1984 జనవరిలో వచ్చిన ఆపిల్ వాళ్ల మొదటి మకింటాష్‌లో, అక్కడి ప్రోగ్రామరు బ్రూస్ హార్న్ రాసిన రిసోర్స్ మేనేజర్ అప్పటికే ఉంది. అక్కడ ఇంకా విచిత్రం, ఒక్కో ఫైలుకీ రెండు భాగాలు, ఒకటి డేటా ఫోర్కు, రెండోది రిసోర్స్ ఫోర్కు. మెనూలు, విండోలు, ఐకాన్లు, ఆఖరికి ప్రోగ్రాము కోడు కూడా ఆ రెండో భాగంలోనే, ఒక్కోదానికి నాలుగక్షరాల రకం పేరు. రెస్ఎడిట్ అనే ఉచిత టూలుతో ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా దాన్ని తెరిచి మెనూలో మాటలు మార్చుకునేవాళ్లు. అదే ఫైలుని మామూలు పీసీ ఫ్లాపీ మీదకి పద్ధతి లేకుండా కాపీ చేస్తే రిసోర్స్ ఫోర్కు ఎగిరిపోయి, ప్రోగ్రాము ఉత్త డొల్లగా మిగిలేది. అప్పట్లో మాక్ మీద డీటీపీ చేసినవాళ్లకి ఈ బాధ తెలిసే ఉంటుంది.

ఇంత పాత ఏర్పాటు ఉండి కూడా తెలుగు ఎందుకు రాలేదంటే, ఇక్కడ నిజం ఎంతో చెప్పాలి.

మొదటిది, యూనికోడ్, అంటే ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ నంబర్లు ఇచ్చిన పట్టిక. దానికి ముందు విండోస్ ఒక్కో లిపికీ ఒక్కో చిన్న అక్షరాల పట్టిక వాడేది, దాన్ని కోడ్ పేజీ అంటారు. పాత ప్రోగ్రాములు వాడుకునే అలాంటి పట్టిక తెలుగుకి ఎప్పుడూ లేదు. రష్యన్‌కి ఉంది, అరబిక్‌కి ఉంది, థాయ్‌కి ఉంది, మనకి లేదు. మన అక్షరాలు విండోస్‌కి యూనికోడ్ ద్వారానే తెలుసు. ఎన్‌టీ రకం విండోస్‌లో (ఎక్స్‌పీ, ఇప్పటి విండోస్ 11 అన్నీ దాని వంశమే) రిసోర్సులన్నీ లోపల యూనికోడ్‌లోనే ఉంటాయి, అది 1993 నుంచీ ఉన్న మాటే. ఆర్‌సీ ఫైలుని యూటీఎఫ్-16 అనే యూనికోడ్ రూపంలో సేవ్ చేసి, పైన లాంగ్వేజ్ అని రాసి తెలుగు కోడు 4ఎ (హెక్సా, అంటే పదహార్ల లెక్కలో) ఇస్తే తెలుగు వాక్యం శుభ్రంగా ఎక్జీలోకి పోతుంది. ఐతే లోడ్‌స్ట్రింగ్‌కి రెండు రూపాలున్నాయి, ఆన్సీ అనే పాత కోడ్ పేజీల పద్ధతిది ఒకటి, యూనికోడ్‌ది ఒకటి. పాత ప్రోగ్రాము ఆన్సీ రూపాన్ని పిలిస్తే, లోపల చక్కగా ఉన్న తెలుగు వాక్యం బయటికొచ్చేసరికి వరసగా ప్రశ్నార్థకాలు అవుతుంది. మీరు స్క్రీన్ మీద ప్రశ్నార్థకాల దండ చూసి ఉంటే అర్థం అదే. సీలో రాసిన ప్రోగ్రాము ఐతే ఈ పిలుపుల్ని మార్చి యూనికోడ్‌గా కంపైల్ చేయాలి, అది కొంచెం పనే, కానీ కొత్తగా రాయడం మాత్రం కాదు.

విజువల్ బేసిక్ 6లో రాసినవైతే చిక్కు ఎక్కువ. మన దగ్గర చిన్నాపెద్దా ఆఫీసుల్లో అలాంటివే బోలెడు. అందులో లోడ్‌రెస్‌స్ట్రింగ్ అని ఉంది, అది తెలుగు వాక్యాన్ని సరిగ్గానే తెస్తుంది, కానీ దాన్ని చూపించాల్సిన లేబులూ టెక్స్ట్ బాక్సూ ఆన్సీ కంట్రోల్స్, మళ్లీ ప్రశ్నార్థకాలే. పైగా చాలామంది ఫారం మీదే నేరుగా మాటలు టైపు చేసేశారు, అవి ఆర్‌సీ ఫైల్లో ఉండవు. ఇలాంటి ప్రోగ్రాము చూపించి “కష్టమండీ” అంటే నేను ఒప్పుకుంటాను. విండోస్‌కి ముందటి డాస్‌లో క్లిప్పర్, ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ భాషల్లో రాసినవైతే మాటలు విడిగా పెట్టే ఇలాంటి రిసోర్స్ ఫైలే లేదు. ఆ రోజుల్లో డాస్ మీద తెలుగు కావాలంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల జిస్ట్ కార్డు అని ఒక హార్డ్‌వేర్ కార్డు మెషీన్‌లో పెట్టుకోవాల్సి వచ్చేది.

రెండోది, రసీదు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి ప్రోగ్రాము నేరుగా టెక్స్ట్ పంపిస్తే, ప్రింటర్ తన లోపల ఉన్న ఇంగ్లిషు అక్షరాలే కొడుతుంది. మామూలుగా అందులో తెలుగు ఉండదు. విండోస్ డ్రైవర్ ద్వారా బొమ్మలా పంపిస్తే వస్తుంది, కానీ నెమ్మదిగా కొడుతుంది, క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. ఇది రిసోర్స్ ఫైలుతో తీరే సమస్య కాదు. కానీ ప్రింటర్‌లో తెలుగు లేదన్న వంకతో స్క్రీన్ మీద కూడా తెలుగు పెట్టకపోవడం దేనికి?

మూడోది ఎవరూ చెప్పరు గానీ అసలు టెన్షన్ పెట్టేది అదే, డైలాగ్ బాక్సు కొలతలు. ఆర్‌సీ ఫైల్లో ఒక లేబులు ఎక్కడుండాలో పిక్సెళ్లలో రాయం, డైలాగ్ యూనిట్లలో రాస్తాం. అడ్డంగా ఐతే ఆ ఫాంటులో సగటు అక్షరం వెడల్పులో నాలుగో వంతు, నిలువుగా ఐతే అక్షరం ఎత్తులో ఎనిమిదో వంతు. అందుకే ఒక లైను లేబులుకి ఎత్తు 8 అని రాసేస్తాం, ఇంగ్లిషుకి చక్కగా సరిపోతుంది. మరి తెలుగుకి? పైన గుడి, కింద వత్తు. “రాష్ట్రం” అని పెట్టండి, కింద టవత్తు, రావత్తు సగానికి తెగిపోతాయి. “స్త్రీ / పురుషుడు” అని రెండు రేడియో బటన్లు పక్కపక్కన పెట్టండి, స్త్రీకి కిందంతా కత్తిరించినట్టు ఉంటుంది. యూనిట్లు ఫాంటుని బట్టి మారతాయి కాబట్టి ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటు పెడితే బాక్సు మొత్తం సాగుతుంది, కిందున్న ఓకే బటన్ పాత చిన్న స్క్రీన్ దాటిపోయే ప్రమాదం ఉంటుంది. దీనికి మంత్రమేమీ లేదు, కూర్చుని ఒక్కో లేబులుకీ ఎత్తు 8ని 11గానో 12గానో మార్చుకుంటూ, కిందవాటిని కిందికి జరుపుకుంటూ పోవాలి. విసుగు పుట్టించే పని. కానీ అంకెలు దిద్దే పనే, దీనికి సీ రానక్కర్లేదు.

ఎక్స్‌పీ అన్నాను కదా, ఆ కాలంలో తెలుగు చూడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో రీజినల్ సెట్టింగ్స్‌కి వెళ్లి కాంప్లెక్స్ స్క్రిప్టులు అనే చోట టిక్కు పెట్టాలి, అది విండోస్ సీడీ అడిగేది, ఆ సీడీ ఆఫీసులో ఎవరి దగ్గరా ఉండేది కాదు. చాలా చోట్ల తెలుగు అక్కడే ఆగిపోయింది!

నాలుగోది, వాక్యంలో అంకెలు. ప్రింట్ చేసేటప్పుడు ఇంగ్లిషులో ముందు ఇప్పుడున్న పేజీ, తర్వాత మొత్తం పేజీలు వస్తాయి. తెలుగులో “10లో 3వ పేజీ” అంటాం, వరస తిరగబడింది. ప్రోగ్రామరు డబ్ల్యుఎస్‌ప్రింట్‌ఎఫ్ అనే ఫంక్షన్ వాడి ఉంటే అంకెలు తను పంపిన వరసలోనే పడతాయి, అనువాదం చేసినవాడు ఏమీ చేయలేడు, “3లో 10వ పేజీ” అని వస్తుంది. ఒక అంకె, ఒక పేరు ఉన్న వాక్యంలో వాటి గుర్తుల్ని అనువాదకుడు తెలియక అటూఇటూ మార్చాడనుకోండి, ప్రోగ్రాము అంకెని పేరనుకుని చదవబోయి అక్కడికక్కడే కూలిపోతుంది. దీనికి మందు కూడా విండోస్ ఎన్‌టీ నాటిదే. ఫార్మాట్‌మెసేజ్ అనే ఫంక్షన్‌లో ఒకటోది, రెండోది అని ఖాళీలకి నంబర్లు ఇస్తాం, తెలుగులో రెండోదాన్ని ముందు పెట్టుకోవచ్చు. మన ప్రోగ్రామర్లలో దాన్ని వాడినవాళ్లు తక్కువ, ఎందుకంటే రాసేటప్పుడు దీన్ని ఎవరో తెలుగు చేస్తారన్న ఊహే లేదు. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది, ఈ ప్రోగ్రాములన్నీ దాని తర్వాత పుట్టినవే.

ఇంకో చిన్న విషయం, వాక్యం తెచ్చుకోవడానికి ప్రోగ్రాములో 32 అక్షరాల చోటు పెట్టి ఉంటే లోడ్‌స్ట్రింగ్ అంతవరకే తెచ్చి మిగతాది కత్తిరిస్తుంది. మన కంటికి “స్త్రీ” ఒక్క అక్షరం, యూనికోడ్‌కి ఆరు. కత్తిరింపు మధ్యలో పడితే చివరి అక్షరం పొల్లుతో వేలాడుతుంది.

“సరే, మా దగ్గర సోర్సు కోడే, అంటే ప్రోగ్రామరు రాసిన అసలు కోడే లేదు, రాసిన కంపెనీ ఎప్పుడో మూసేశారు” అంటారు తర్వాత. రిసోర్సుల సంగతిలో ఇదీ అడ్డు కాదు. అవి ఎక్జీ ఫైల్లో ఒక పక్కన, ఎవరు చూసినా గుర్తుపట్టే పద్ధతిలో ఉంటాయి. రిసోర్స్ హ్యాకర్ లాంటి ఉచిత టూలుతో ఎక్జీని తెరిస్తే డైలాగులూ మెనూలూ స్ట్రింగ్ టేబుళ్లూ చెట్టు కొమ్మల్లా విడివిడిగా కనపడతాయి, ఆర్‌సీ రూపంలో బయటికి తీసుకోవచ్చు, మార్చి లోపల పెట్టొచ్చు. అప్‌డేట్‌రిసోర్స్ అనే ఫంక్షన్‌ని విండోసే ఇచ్చింది ఈ పని కోసం. డిజిటల్ సంతకం ఉన్న ఎక్జీ ఐతే అది చెల్లకుండా పోతుంది, లైసెన్సు ఒప్పుకుంటుందో లేదో చూసుకోవాలి, ఆ రెండు జాగ్రత్తలూ తప్పవు. పైన చెప్పిన ఆన్సీ చిక్కు లేని ప్రోగ్రాము ఐతే మెనూలు, బటన్లు, లేబుళ్లు ఈ దారిలో తెలుగులోకి వచ్చేస్తాయి. ఒక సంగతి మాత్రం గమనించాలి, 16 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్ మీద అసలు నడవవు, వాటికి ఈ కష్టం పడటం దండగ, అవి మార్చుకోవాల్సినవే.

సోర్సు ఉన్నవాళ్లకైతే ఇంకా మంచి దారి, కోడేమీ లేకుండా ఉత్త రిసోర్సులతో ఒక డీఎల్‌ఎల్ (ప్రోగ్రాము అవసరమైనప్పుడు తెరుచుకునే తోడు ఫైలు) తయారు చేయడం. లింకర్‌కి నోఎంట్రీ అని చెబితే చాలు. ఇంగ్లిషుకి ఒకటి, తెలుగుకి ఒకటి, రేపు ఉర్దూకి ఒకటి. ప్రోగ్రాము మొదలవగానే ఏది కావాలో అది తెరుచుకుంటుంది. తప్పు దొర్లితే ఆ డీఎల్‌ఎల్ ఒక్కటే మార్చి పంపొచ్చు, కౌంటర్ పని ఆగదు. పాత నోకియా ఫోన్లలో నడిచిన సింబియన్ అనే సిస్టమ్‌లో కూడా ఇంతే, భాషకో రిసోర్స్ ఫైలు, ఇంగ్లిషుదానికి ఎక్స్‌టెన్షన్ చివర 01 అని, మిగతా భాషలకి వాటి నంబర్లు. ఈరోజు ఆండ్రాయిడ్‌లో వాల్యూస్-టీఈ అనే ఫోల్డరులో పెట్టే స్ట్రింగ్స్ ఫైలు కూడా అదే వంశం.

ఇక నాకు అసలు కోపం తెప్పించేది పాత ప్రోగ్రాములు కూడా కాదు. ఇప్పుడు కొత్తగా రాస్తున్న వెబ్ అప్లికేషన్లు తెరిచి చూడండి, మాటలన్నీ కోడు మధ్యలో ఎక్కడికక్కడ గుచ్చేసి ఉంటాయి, ఒకే సందేశం నాలుగు చోట్ల నాలుగు స్పెల్లింగులతో. 640 కేబీలో కిందామీదా పడ్డవాళ్లు మాటల్ని విడిగా పెట్టగలిగారు, ఇన్ని జీబీలు పెట్టుకుని వీళ్లకి చేతకావడం లేదు. కాలేజీల్లో ఈ పాఠం ఎవరూ చెప్పట్లేదు. “రిసోర్స్ ఫైలా, అది పాత విండోస్‌లోది కదా సార్” అని మా దగ్గరికొచ్చే కుర్రాళ్లు నవ్వుతారు. రేపు పదేళ్ల తర్వాత వీళ్లు రాసిన వాటిల్లో తెలుగు పెట్టాలంటే అప్పుడు నిజంగానే మొత్తం మళ్లీ రాయాలి.

అందుకని ప్రభుత్వ ఆఫీసులకీ, సహకార బ్యాంకులకీ, ఆస్పత్రులకీ సాఫ్ట్‌వేర్ కొనే బాధ్యత ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఇదీ. టెండరులో “తెలుగు ఉండాలి” అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి, దానికి ఎవడైనా హోం స్క్రీన్ మీద “స్వాగతం” అని ఒక్క బొమ్మ పెట్టి బిల్లు పెడతాడు. స్క్రీన్ మీద కనపడే ప్రతి మాటా కోడుకి బయట విడి ఫైల్లో ఉండాలని రాయండి. ఆ ఫైలూ, అందులోని నంబర్లకి పేర్లు పెట్టిన రిసోర్స్ డాట్ హెచ్ ఫైలూ, ఐకాన్లూ అన్నీ సాఫ్ట్‌వేర్‌తో పాటు చేతికి వచ్చేదాకా చివరి చెల్లింపు ఆపండి. తెలుగు రాయించే పని ప్రోగ్రామరుకి అప్పగించకండి, గూగుల్‌కి అసలే వద్దు. కౌంటర్ దగ్గర రోజూ జనంతో మాట్లాడే గుమాస్తాని పక్కన కూర్చోబెట్టుకుంటే “దరఖాస్తు”, “పట్టా”, “బాకీ” లాంటి మాటలు ఆయన నోట్లోంచే వస్తాయి, నిఘంటువులోంచి తీసిన మాటలు ఎవరికీ అర్థం కాని గొడవ తప్పుతుంది. సరి చూసేటప్పుడు మాత్రం చిన్న మాటలతో కాకుండా “రాష్ట్రం”, “స్త్రీ”, “రిజిస్ట్రేషన్” లాంటివి పెట్టి, ఆఫీసులో అన్నిటికన్నా పాత మానిటర్ మీద చూడమనండి, వత్తులు తెగుతున్నాయో లేదో అక్కడే తేలిపోతుంది.

ఇట్లు,
ఒక పాత విండోస్ ప్రోగ్రామర్,
హైదరాబాద్